పెరటి కోడి, మడుగు బాతు: పల్లె యింటి పక్షుల చరిత్రము

తన కోడియు, తన కుంపటియు లేనిదే యూరు తెల్లవారదని తలంచిన ముసలమ్మ కథ తెలుగునాట ఎఱుగనివారు లేరు. ఆమె కోడి కూసినపుడు ఊరు మేల్కొనెడిది. ఆమె కుంపటిలోని నిప్పును గొనిపోయి ఇరుగుపొరుగువారు పొయ్యిలు రాజేసికొనెడివారు. ఒకనాడామె అలిగి, కోడిని చంకనిడుకొని, కుంపటిని చేతబట్టుకొని ఊరు విడిచి పోయెను. ఊరు యథాప్రకారముగ తెల్లవారెను. ఈ కథ చెప్పి మనవారు గర్వమును పరిహసింతురు. ఆ పరిహాసము న్యాయమైనదే. కాని ఆ కథలో మఱియొక సంగతి కలదు. అందు ముసలమ్మకు పొలమున్నదన్న మాట రాదు, పాడి యున్నదన్న మాటయు రాదు. ఒక కోడి, ఒక కుంపటి, ఈ రెంటితోనే ఆమె యూరికంతకును కావలసిన మనిషి యైనది. పల్లెలో మఱేమియు లేనివారికి సయితము ఉండదగిన ఆస్తి కోడి. ఆ చిన్న ఆస్తికి గల పెద్ద చరిత్రను తెలిసికొనుట అందఱకును ఉపయోగకరము.

అడవి నుండి పెరటికి

పెరటికోడికి మూలము ఎఱ్ఱ అడవికోడి. ఈ సంగతిని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడైన చార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. తూర్పుకనుమలలో గోదావరికి ఉత్తరపు దిక్కుననున్న అడవులలో ఈ పక్షి నేటికిని కలదు. దక్షిణాపథమున దానికి మాఱుగా బూడిదవన్నె అడవికోడి కానవచ్చును. ఎఱ్ఱకోడి యొక్కటియే మూలమని డార్విన్ పండితుడు తలంచెను గాని, 2008లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు కోడి చర్మమునకు, కాళ్లకు పసుపువన్నె నిచ్చు బీజాంశము బూడిద అడవికోడి నుండి సంక్రమించినదని కనుగొనిరి. ఆ బూడిద అడవికోడి భారతదేశమున దప్ప మఱియెచ్చటను సహజముగ నుండదు. కావున లోకములో పచ్చకాళ్ల కోడి యెచ్చట తిరుగాడినను, దాని యొడలిలో మన దేశపు అడవి అంశము కొంత కలదన్నమాట.

కోడి మొట్టమొదట మచ్చికయైనది ఎచ్చట? మొహెంజొదారో త్రవ్వకములలో కోడి యెముకలు దొరకుటచే, సింధునదీలోయ వారే దానిని మచ్చిక చేసిరని 20వ శతాబ్దపు పండితులు పలువురు తలంచిరి. తరువాతి పరిశోధనలతో ఆ తలంపు సడలినది. 2020లో శాస్త్రజ్ఞులు 863 పక్షుల బీజసంపుటిని పోల్చిచూచి, చీనా దేశపు నైరృతి భాగము, ఉత్తర థాయిలాండు, బర్మా ప్రాంతములలోని ఎఱ్ఱ అడవికోడి తెగయే పెరటికోడికి మిక్కిలి దగ్గఱి బంధువని తేల్చిరి. 2022లో వెలువడిన మఱియొక పరిశోధనము మధ్య థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అను చోట దొరకిన యెముకలను పరీక్షించినది. క్రీ.పూ. 1650 మొదలు 1250 వఱకు గల కాలమునకు చెందిన ఆ యెముకలే, పెరటికోళ్లవని చెప్పదగినవానిలో అన్నింటికంటె పాతవని నిర్ణయించినది.

ఆ పరిశోధకులు చెప్పిన కారణము పల్లెవాసులకు వెంటనే బోధపడును. మానవుడు మెట్టవరిని, చిఱుధాన్యములను పండించి, ధాన్యమును ఇంటిచెంత నిలువజేసికొన నారంభింపగనే, రాలిన గింజకై అడవికోడి చెట్టు దిగి వచ్చినది. మనుష్యుడు వలపన్ని దానిని పట్టి తెచ్చెననుటకంటె గింజయే దానిని పిలిచినదనుట సమంజసము. పెరటికోడి జీవనమంతయు నేటికిని ఆ యొప్పందము మీదనే నడచుచున్నది. రోటిచెంత చెదరిన నూక, కళ్లమున మిగిలిన తాలుగింజ, పెంటకుప్పలోని పురుగు కోడి పాలు. గ్రుడ్డు, పిల్ల ఇంటివారి పాలు.

పుంజునకు దక్కిన కీర్తి

మన దేశమున కోడి ప్రాచీనకాలము నుండియు మనుష్యుల ముంగిళ్లలో నున్నదనుటకు నిదర్శనములు కలవు. క్రీ.పూ. 3వ శతాబ్దమున అశోకచక్రవర్తి తన యైదవ స్తంభశాసనమున, పుంజులకు వృషణములు తీయరాదని ఆజ్ఞాపించెను. ఆ వాడుక నాడు ప్రబలి యుండనిచో అట్టి నిషేధము పుట్టదు. మనుస్మృతి ద్విజులకు ఊరకోడి మాంసమును నిషేధించినది. ఇట్టి నియమములచేత కోడి కొన్ని యిండ్లకు దూరమై, రైతుల, కులవృత్తులవారి, కూలిజనుల వాకిండ్లకు దగ్గఱయైనది. కుమారస్వామి ధ్వజము మీద మాత్రము పుంజు అందఱకును వందనీయమై నిలిచినది.

తెలుగు సాహిత్యమున పుంజు ప్రవేశించినది పందెముతోడనే. 13వ శతాబ్దమున కేతన తెనిగించిన దశకుమార చరిత్రమునకు మూలమైన దండి గ్రంథమున కోడిపందెము కలదు. 12వ శతాబ్దపు పలనాటి వీరుల గాథలో నాయకురాలు నాగమ్మకును, బ్రహ్మనాయునికిని నడుమ జరిగిన కోడిపోరు ఒక రాజ్యపు భవితవ్యమునే మార్చివేసినది. ఓరుగంటి వీధులను వర్ణించిన క్రీడాభిరామమునను కోడిపందెము కలదు. సురవరము ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున, కావ్యములనుండి ఇట్టి వినోదములను ఏఱి కూర్చి, వానినుండి ప్రజల బ్రదుకును చూపించెను. 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

పందెగాండ్రు కోళ్లను ఈకల వన్నెనుబట్టి వర్గీకరించిరి. నల్లనిది కాకి, ఎఱ్ఱనిది డేగ, తెల్లనిది సేతువ. నెమలి, పర్ల, కౌజు, మైల మొదలగు పేర్లు ఇంకను పెక్కు కలవు. ఏ దినమున, ఏ జామున, ఏ వన్నె దేనిని గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్రము కూడ ప్రచారములోనికి వచ్చెను. ఆ జోస్యముల నటుంచి, పక్షిని ఇంత సూక్ష్మముగ పరిశీలించి పేర్లు పెట్టిన జ్ఞానము మాత్రము గణింపదగినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిషేధ చట్టము పందెములను నేరముగ పరిగణించినవి. ఐనను సంక్రాంతి దినములలో కాలికి కత్తికట్టి పోరాడించు ఆచారము అంతరింపలేదు. ఒక పూట ఓటమితో ఇల్లు గుల్లయైన కుటుంబములను పల్లెలు ఎన్నింటినో చూచినవి.

సాహిత్యము పుంజునే జ్ఞాపకముంచుకొన్నది. పెట్టను గూర్చి కావ్యములు పలికినది స్వల్పము. ఐనను సంసారమును నడపినది పెట్టయే.

పెట్ట నడపిన సంసారము

నాటుపెట్ట యొక విడతకు పన్నెండు మొదలు పదునైదు వఱకు గ్రుడ్లు పెట్టును. పిమ్మట గ్రుడ్లు మాని, ఈకలు రిక్కించుకొని, ఎవరైన చేరవచ్చిన కసరుచు, గూటిని విడువక కూర్చుండును. ఊకయో గడ్డియో పఱచిన గంపలో పది పన్నెండు గ్రుడ్లను దాని క్రింద నుంచినచో, 21 దినములకు పిల్లలగును. తరువాత రెండు మూడు మాసములు అది పిల్లలను రెక్కల క్రింద దాచుచు, గద్ద నీడ కనబడిన హెచ్చరించుచు, ఏది తినదగినదో ఏది కాదో నేర్పుచు త్రిప్పును. అవి తమంతట తాము మేయగలిగిన తరువాత మరల గ్రుడ్లకు వచ్చును. ఈ లెక్కన ఏటికి మూడు నాలుగు విడతలకంటె పట్టదు. గ్రుడ్లు ఏబదియో అఱువదియో యగును. నాటుకోడి గ్రుడ్లు తక్కువ పెట్టునని నిందించువారు ఈ లెక్కను గమనింపరు. ఆ పక్షి యేడాదిలో పెద్దపాలు తల్లియై గడపుచున్నది.

ఈ కోడికి ప్రత్యేకముగ మేత కొనునది లేదు. తవుడు, నూకలు, ఎంగిలి మెతుకులు చాలును. చిన్నపిల్లలకు బలమగునని పెద్దవారు పాతకుండలో పేడయు, చెత్తయు నింపి, తడిపి, చెదలున్న చోట బోర్లించి, మఱునాడు పట్టిన చెదలను పిల్లలకు వేసెడివారు. మాంసకృత్తులను గూర్చి పుస్తకములు చదువకయే పిల్లకు ఏది కావలెనో వారెఱిగిరి.

కోడిమీది సొమ్ము ఇల్లాలిది. ఎద్దును అమ్మవలెనన్న ఇంటి యజమాని సంతకు పోవలెను. కోడిని అమ్మవలెనన్న ఇల్లాలు వాకిటికి వచ్చిన చాలును. పది గ్రుడ్లతో ఉప్పు, చింతపండు వచ్చును. ఒక పుంజుతో బిడ్డకు పలకయు, పుస్తకములును వచ్చును. చుట్టము వచ్చిన నాడు మర్యాద దక్కును. గ్రామదేవత జాతరనాడు మొక్కు తీఱును. మగవాని చేతిలోని పైకము ఎటు పోయినను, ఈ చిల్లర మాత్రము ఇంటికడుపున పడుచుండెను.

బీదల చేతనున్న ఆస్తి కాబట్టియే బలవంతుల కన్ను దానిపై పడినది. నిజాము రాష్ట్రమున వెట్టిచాకిరి సాగిన దినములలో, ఊరికి అధికారి వచ్చి మకాము చేసినచో బీదల యిండ్లనుండి కోళ్లను వెల యీయకయే పట్టుకొనిపోయెడివారు. గొల్లలు గొఱ్ఱెను, గౌండ్లవారు కల్లును, మఱియొకరు కట్టెలను ఇట్లే ఇచ్చుకొనవలసి యుండెను. గంప క్రిందనున్న పొదుగుకోడిని సయితము గుంజుకొనిపోయినచో, పోయినది ఒక్క కోడి మాత్రమే కాదు; దాని క్రింది పది పన్నెండు పిల్లలును పోయినవి. 1946 మొదలు 1951 వఱకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటము వెట్టిని ఎదిరించుటతోనే పల్లెలలో బలపడినది. తన కోడికి తాను వెల చెప్పగల హక్కు పల్లెప్రజలకు ఊరక రాలేదు.

అసీలు దేశాంతరయాత్ర

ఆంధ్రదేశపు కోడిజాతులలో ప్రసిద్ధమైనది అసీలు. ఈ మాట అరబ్బీ భాషనుండి వచ్చినది. మేలిజాతి, అచ్చమైన వంశము అని దాని యర్థము. ఆంధ్రప్రదేశ్, ఒడిషా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతములు దీనికి పుట్టినిండ్లు. నిటారైన నిలుకడ, పొడవైన మెడ, బలిసిన రొమ్ము, గట్టి కాళ్లు దీని లక్షణములు. గ్రుడ్లు తక్కువయైనను పొదుగుటలో ఈ పెట్ట మిక్కిలి నేర్పరి.

19వ శతాబ్దమున ఆంగ్లేయులు ఈ కోళ్లను తమ దేశమునకు గొనిపోయిరి. అచ్చటి కార్న్‌వాల్ ప్రాంతమున అసీలును, మలయా కోడిని, ఇంగ్లీషు పందెపుకోడిని కలిపి ఒక క్రొత్తజాతిని సృష్టించి, దానికి ఇండియన్ గేమ్, అనగా ఇండియా పందెపుకోడి, అని పేరిడిరి. అది పందెమునకు పనికిరాలేదు. కాని దాని రొమ్మున మాంసము విస్తారముగ నుండెను. అమెరికాలో అదియే కార్నిష్ అను పేర వ్యాపించినది. 1940 తరువాత ఆ దేశమున, త్వరగా పెరిగి ఎక్కువ మాంసమిచ్చు కోడికై దేశవ్యాప్తముగ పోటీలు నడపిరి. 1948లో జరిగిన పోటీలో కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్ గెలుపొందెను. అతడు పోటీకి తెచ్చినది కార్నిష్ పుంజునకును, న్యూ హాంప్‌షైర్ పెట్టకును పుట్టిన సంకరజాతి. నేటి బ్రాయిలరుకోడికి కార్నిష్ వంశమే తండ్రివైపు మూలము.

ఆఱు వారములలో రెండు కిలోల బరువు తూగు ఆ తెల్లకోడి 20వ శతాబ్దపు చివరిపాదమున మన దేశమున విస్తరించినది. మన పెరటినుండి పోయిన రక్తము, వంశము తెలియరాని రూపమున, వెల కట్టుకొని మరల మన యూరికే వచ్చినది. పెరటి పెట్టకు, పుంజునకు మాత్రము అందులకు ప్రతిఫలమేమియు దక్కలేదు.

కొక్కెర తెగులు

పెరటికోళ్లకు గద్దయు, ముంగిసయు, పిల్లియు పాత శత్రువులు. వానినుండి పిల్లలను కాచుకొను నేర్పు తల్లికోడికిని, ఇల్లాలికిని కలదు. కొక్కెర తెగులు అట్టిది కాదు. 1926లో జావాద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమునను ఈ తెగులును గుర్తించిరి. మఱుసటి యేడు హిమాలయ ప్రాంతములోని రాణిఖేత్‌లో కానవచ్చుటచే మన దేశమున దానికి రాణిఖేత్ వ్యాధియని పేరు వచ్చెను. తెగులు సోకిన కోడి నోరు తెఱచి రొప్పును, పచ్చగ, తెల్లగ పాఱును, మెడ మెలివడును, రెక్కలు వ్రాలవేయును. ఊరిలో నొక వాకిట ప్రవేశించినచో వారము పదిదినములలో వీధికి వీధియే కూత లేనిదగును.

తెగులు వచ్చినదని తెలియగానే, చచ్చుటకు ముందే నాలుగు డబ్బులు రాబట్టుకొందమని ఇంటివారు కోళ్లను సంతకు తఱలించెడివారు. వారి యవసరము అట్టిది. కాని సంతనుండి ఆ కోడి మఱియొక యూరికి పోయి, తెగులును కూడ వెంట గొనిపోయెడిది. బీదతనమే తెగులునకు బండియైనది.

1940 దశకమున హిమాలయములలోని ముక్తేశ్వర పశువైద్య పరిశోధనాలయమున ఈ తెగులునకు టీకామందు సిద్ధమైనది. పిల్లలకు వారము దినముల లోపున కంటిలోనో ముక్కులోనో చుక్కమందును, ఆఱు మొదలు ఎనిమిది వారముల వయస్సున రెక్కక్రింద సూదిమందును వేయుట నేటి పద్ధతి. మందు చవుక, ఫలము గొప్పది. ఐనను పల్లెలలో టీకా వేయని కోళ్లు నేటికిని పెక్కు. ఇందులకు కారణము అజ్ఞాన మొక్కటియే కాదు. ఆ మందు చల్లదనమున నుండవలెను. సీసా విప్పి కలిపిన పిదప కొన్ని గంటలలో వాడివేయవలెను. ఒక సీసా నూఱు కోళ్లకు పైగా వచ్చును. ఒక యింటనున్నవి పది. కావున ఒంటరియైన యిల్లు టీకా వేయించుకొనలేదు. వీధియంతయు ఒక్కనాడు ఒక్కచోట చేరిననే ఆ మందు పనికివచ్చును. పల్లెలో ఐకమత్యము ధర్మముగ మాత్రమే కాక, ఇట్టిచోట ఔషధముగ కూడ పనిచేయును.

సీమకోడి వచ్చిన తరువాత

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైనది. గ్రామసేవకులు పల్లెలకు వచ్చిరి. మేలిరకపు విత్తనములతోబాటు మేలిరకపు కోళ్లును వచ్చినవి. తెల్లని లెగ్‌హార్న్, ఎఱ్ఱని రోడ్ ఐలండ్ కోళ్లను ప్రజలు వింతగ చూచిరి. లెగ్‌హార్న్ ఇటలీ దేశపు జాతి. అచ్చటి రేవుపట్టణపు పేరే దానికి వచ్చినది. ఏటికి రెండువందలకు పైగా గ్రుడ్లు పెట్టు కోడిని చూచి ఆశపడని వారుండరు.

ఆ ఆశలో నొక చిక్కున్నది. లెగ్‌హార్న్ పొదుగదు. అధికముగ గ్రుడ్లు పెట్టవలెనని తరతరములుగ ఏఱుటలో దాని మాతృత్వపు గుణము తొలగింపబడినది. నాటుపెట్ట ఏబది గ్రుడ్లే పెట్టినను తన సంతతిని తానే పెంచుకొనును. సీమపెట్ట రెండువందలు పెట్టినను, దానికి వారసురాలు కావలెనన్న మరల పొదిగించు కేంద్రమునకు పోవలెను. పైగా తెల్లనిది కావున గద్ద కంట సులభముగ పడును. దాణా లేనిదే ఫలమీయదు. అందుచే ఆ కోడి పెరటిలో నిలువక, గదులలోనికి, ఆ తరువాత ఇనుపతీగల గూళ్లలోనికి మాఱినది.

అట్లు మాఱిన పరిశ్రమలో తెలుగువారు దేశమునకే మార్గదర్శకులైరి. 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించిన బి.వి. రావు ప్రోద్బలమున, 1982లో జాతీయ కోడిగ్రుడ్ల సమన్వయ సంఘము ఏర్పడినది. గ్రుడ్డువెలను దళారి నిర్ణయించు పద్ధతి పోయి, రైతులే నిర్ణయించు పద్ధతి దానితో వచ్చినది. గ్రుడ్డు చవుకయై బడిపిల్లల పళ్లెములోనికి వచ్చుట ఈ పరిశ్రమ చేసిన మేలు. దానిని కాదనరాదు. కాని ఆ పరిశ్రమలో పాల్గొనుటకు షెడ్డు, పెట్టుబడి, విద్యుత్తు కావలెను. గంపయు, దోసెడు తవుడును మాత్రమే గల యిల్లాలికి అందు చోటులేదు.

మడుగు బాతు

బాతు చరిత్రము వేఱు. ఆకుపచ్చని తల గల అడవిబాతు పెరటిబాతునకు మూలము. ముఖమున ఎఱ్ఱని కండ గల మస్కొవి బాతు వేఱుజాతి. అది అమెరికా ఖండమునుండి వచ్చినది. మామూలు బాతుగ్రుడ్డు 28 దినములకును, మస్కొవి గ్రుడ్డు 35 దినములకును పిల్లయగును. పెరటిబాతు తఱచు పొదుగుట మఱచినది. అందుచే పల్లెలలో బాతుగ్రుడ్లను కోడిక్రింద నుంచుట వాడుక. పిల్లలు నీటిలోనికి దిగగనే గట్టున నిలిచి తల్లికోడి తహతహలాడు దృశ్యమును చూడని పల్లెటూరి బాలుడుండడు.

ఇండియన్ రన్నర్ అను బాతునకు పేరు మన దేశపుదైనను, పుట్టుక జావా మొదలగు తూర్పుదీవులది. 1900 ప్రాంతమున ఇంగ్లండులోని గ్లౌస్టర్‌షైరునందు అడెలి కాంబెల్ అను గృహిణి ఆ రన్నరు బాతును ఇతర బాతులతో కలిపి, ఏటికి మున్నూఱు వఱకు గ్రుడ్లు పెట్టగల ఖాకీ కాంబెల్ అను జాతిని తన యింటనే సృష్టించెను. ప్రయోగశాలలు లేకయే ఒక యిల్లాలి శ్రద్ధ లోకమునకిచ్చిన కానుక అది.

కృష్ణా గోదావరి డెల్టాలకు బాతు సహజమైన చుట్టము. వరికోతలు కాగానే బాతులమందలు పొలములలో దిగును. రాలిన గింజ, నత్తలు, పురుగులు వానికి ఆహారము. వాని రెట్ట చేనికి ఎరువు. కాపరి పొలము గట్టుననే గుడిసె వేసికొని, రాత్రి మందను దడిలోనికి తోలి, తెల్లవారి గ్రుడ్లు ఏఱుకొని, మేత తఱిగిన తరువాత మఱియొక యూరికి సాగిపోవును. బాతులు తెల్లవారుజామున గ్రుడ్లు పెట్టునవి గనుక, ప్రొద్దెక్కువఱకు వానిని విడువరాదని కాపరులెఱుగుదురు; విడిచినచో గ్రుడ్లు మడుగులో పోవును.

1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐ.ఆర్.8 వరిని పండించి అధిక దిగుబడికి త్రోవచూపెను. అన్నమునకు లోటు తీఱుట ఆ వరిచేతనే సాధ్యమైనది. దానివెంట పురుగుమందులును వచ్చినవి. 1990లో ప్రభుత్వము నిషేధించిన ఎండ్రిన్ వంటి విషములు పురుగుతోబాటు నత్తను, కప్పను, చేపపిల్లను కూడ చంపినవి. బాతు తినునవి అవియే. మందు చల్లిన చేలలో బాతులకు మేతయు, క్షేమమును రెండును తఱిగినవి.

బాతుల పెంపకమున ఎఱుగవలసిన జాగ్రత్త మఱియొకటి కలదు. 1960లో ఇంగ్లండున లక్ష టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చినవి. వానికి పెట్టిన వేరుసెనగపిండికి పట్టిన బూజులోని విషమే కారణమని పరిశోధకులు తేల్చిరి. ఆ విషమునకు మిక్కిలి త్వరగ లోబడునది బాతుపిల్ల. బూజుపట్టిన చెక్కను, ముక్కిన నూకలను పారవేయుటకు మనసొప్పక బాతులకు వేయు ఇండ్లు దీనిని గుర్తుంచుకొనవలెను.

మరల పెరటికి

పెరటికోడిని పూర్తిగ మఱచుట తప్పని శాస్త్రజ్ఞులును గ్రహించిరి. 1988లో హైదరాబాదున నెలకొనిన కోళ్ల పరిశోధనా సంస్థ వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అను రకములను పెరటికొఱకే రూపొందించినది. అవి రంగురంగుల ఈకలు గలవి. బయట మేసి బ్రదుకగలవి. వనరాజ ఏటికి నూఱు వఱకును, గ్రామప్రియ అంతకు మించియు గ్రుడ్లు పెట్టును. ఐనను అవియు పొదుగుటలో నాటుపెట్టతో సాటిరావు. అందుచేత నాటుపెట్టను విడువక, దానిక్రింద మేలిరకపు గ్రుడ్లు పొదిగించుట తెలివిగలవారి పద్ధతి.

2019 పశుగణనలో దేశమున కోళ్లు, బాతులు మొదలగు పెంపుడు పక్షులు 85.18 కోట్లు తేలినవి. అందు పెరటిలో పెరుగునవి 31.70 కోట్లు. అంతకు ముందటి గణనతో పోల్చిన పెరటిపక్షులు సుమారు 46 పాళ్లు పెరుగగా, పరిశ్రమలోని పక్షులు 4.5 పాళ్లే పెరిగినవి. కాలము చెల్లినదని తలపబడిన పెరటికోడి కాలముతో నడచుచునే యున్నదని ఈ లెక్క తెలుపుచున్నది.

క్రొత్త భయములును లేకపోలేదు. 2006లో మహారాష్ట్రమునందలి నవాపురమున మన దేశములో మొదటిసారి బయటపడిన పక్షిజ్వరము, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకును సోకినది. వలసపక్షులు వ్రాలు చెఱువులలో తిరుగు బాతు, తాను జబ్బుపడినట్లు కనబడకయే ఆ తెగులును కోళ్లకు తేగలదు. కావున బాతులగూడు, కోళ్లగూడు వేఱువేఱుగ నుండవలెను. అది కోడికి ఇంకొక విధమునను మేలు. బాతు తడిపిన నేల కోడికి పడదు. కారణము తెలియక పక్షులు చచ్చినచో వానిని సంతకు తఱలింపక, కాలువలో విసరక, పశువైద్యునకు వెంటనే తెలుపవలెను.

గంప క్రింది విద్య

వెనుకటి చరిత్రమునంతయు కలిపి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. రాజశాసనము పుంజును తలచినది; కావ్యము పందెమును పాడినది; పరిశ్రమ గ్రుడ్డును లెక్కించినది. పొదుగుటను, పిల్లలను కాచుటను, తెగులును ముందుగ పసిగట్టుటను నేర్చిన విద్య మాత్రము పల్లె స్త్రీలయొద్ద నోటిమాటగనే యుండిపోయినది. ఏ గ్రుడ్డు పొదుగునకు తగునో చేతబట్టి దీపమున కెదురుగ చూచి చెప్పగల అవ్వలు, ఏ పెట్ట మంచి తల్లి యగునో నడకనుబట్టి చెప్పగల అమ్మలు ఊరూర నుండిరి. వారిలో ఒకరు కన్నుమూసిన ప్రతిసారియు ఒక చిన్న గ్రంథము చదువబడకయే మూతపడుచున్నది.

గ్రంథాలయములు అచ్చుపడిన పుస్తకములను కాపాడుట చాలదు. ఊరి పెద్ద ముత్తైదువలను, బాతులకాపరులను అడిగి, వారెఱిగిన కోళ్ల పేర్లను, వన్నెలను, మందుమాకులను, పొదుగు పద్ధతులను ఒక నోటుపుస్తకమున వ్రాయించి బీరువాలో నుంచినచో, అదియు ఊరికి ఆస్తియే యగును. చదువుకొన్న బాలికలు తమ యవ్వలయొద్ద కూర్చుండి ఈ పనిని చేయవచ్చును.

ముసలమ్మ తన కోడిని చంకనిడుకొని పోయిననాడు ఊరు తెల్లవారినమాట నిజమే. మఱునాడు గంప క్రింద గ్రుడ్లు లేవు, పొయ్యికి నిప్పు లేదు అన్నది కథ చెప్పదు. ఆ లోటును ఆ యూరి ఇల్లాండ్రే ఎఱుగుదురు.